ట్రాక్టరు వెనక మూడు లింకులు



ఈ రోజు నేను చెప్పబోయేది ట్రాక్టరు వెనక ఉండే మూడు లింకుల చరిత్ర. రోజూ చూసే వస్తువే కాబట్టి దానికి చరిత్ర ఏముంటుందని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించేది. పోయిన జూన్‌లో మా అన్నయ్య దగ్గర్నించి వచ్చిన ఒక ఫోను నా అభిప్రాయం మార్చింది.

నేను సింగపూర్‌లో, చాంగీ బిజినెస్ పార్క్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఈ పార్కు 1997లో మొదలైంది. చుట్టూ అద్దాల భవనాలు, పక్కనే ఎక్స్‌పో రైలు స్టేషను, కాస్త అవతల విమానాశ్రయం. గొర్రు, దమ్ము అనే మాటలు ఇక్కడ ఎవరి నోటా వినపడవు. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకి భోజనానికి బయల్దేరుతుంటే ఫోను మోగింది. మన ఊళ్ళో అప్పుడు ఉదయం పది గంటలు.

"ఒరేయ్, లెవెలింగ్ బాక్సు పట్టేసిందిరా. హ్యాండిల్ తిరగట్లేదు. పైపు తొడిగి తిప్పమంటున్నారు. లేకపోతే గ్యాసుతో కోయించి కొత్త రాడ్డు వేయించుకోమంటున్నారు. కాలవ నీళ్ళు వచ్చేశాయి, నారు రెడీగా ఉంది," అన్నాడు.

"పైపు మాత్రం పెట్టకు అన్నయ్యా, సాయంత్రం వీడియోలో చూస్తాను" అని చెప్పాను. ఆ కంగారు ఎందుకో చెప్పాలంటే ముందు ఈ లింకుల పుట్టుక చెప్పాలి.

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ట్రాక్టరంటే ఇనుప గుర్రం. నాగలిని దాని వెనక గొలుసుతోనో కొక్కెంతోనో కట్టి లాగించేవారు. నాగలి రాయికో వేరుకో తగులుకుంటే ఆగిపోయేది. వెనక చక్రాలు మాత్రం తిరగాలని చూసేవి. అప్పుడు ట్రాక్టరు ముందు భాగం గాల్లోకి లేచి వెనక్కి తిరగబడేది. నడిపేవాడు దాని కింద పడేవాడు. 1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరు చవకైనది, తేలికైనది. అందుకే ఈ ప్రమాదానికి బాగా పేరుపడింది.

హ్యారీ ఫెర్గూసన్ ఐర్లండ్‌లో రైతు బిడ్డ. 1884లో పుట్టాడు. 1909 డిసెంబరు 31న తను చేసిన విమానంలో తనే ఎగిరి, ఐర్లండ్‌లో మొట్టమొదట విమానం నడిపినవాడయ్యాడు. 1917లో ట్రాక్టర్ల పని మెరుగుపరిచే బాధ్యత అక్కడి ప్రభుత్వ వ్యవసాయ శాఖ ఆయనకి అప్పజెప్పింది. ఆయన తన సహచరుడు విల్లీ శాండ్స్‌తో కలిసి ఊరూరా తిరిగాడు. ట్రాక్టరు వేరు, నాగలి వేరు అనుకున్నంతకాలం ఈ చావులు తప్పవని గ్రహించాడు. రెండూ కలిసి ఒకే యంత్రం కావాలి.

1926 నాటికి హైడ్రాలిక్ పద్ధతికి పేటెంటు వచ్చింది. చివరికి స్థిరపడిన రూపంలో కింద రెండు లింకులు లాగుతాయి, పైన ఒక లింకు నెడుతుంది. నాగలికి అడ్డు తగిలితే ఆ ఒత్తిడి పై లింకు ద్వారా ట్రాక్టరు మీదకి వచ్చి ముందు చక్రాలని నేలకి అదిమిపెడుతుంది. అదే ఒత్తిడి హైడ్రాలిక్‌కి కబురు పంపి నాగలిని కొద్దిగా పైకి లేపుతుంది. మనిషిని చంపుతున్న బలాన్నే కాపాడే బలంగా మార్చాడన్నమాట.

1933లో నల్లరంగు వేసిన నమూనా ట్రాక్టరు తయారైంది. 1936లో డేవిడ్ బ్రౌన్‌తో కలిసి అమ్మకానికి తెచ్చాడు. 1938 అక్టోబరులో అమెరికా వెళ్ళి హెన్రీ ఫోర్డుకి స్వయంగా చూపించాడు. ఇద్దరూ కాగితం రాసుకోకుండా చేతులు కలిపి ఒప్పుకున్నారు. 1939 జూన్‌లో ఫోర్డ్ 9ఎన్ వచ్చింది, ధర 585 డాలర్లు. ఫోర్డు మనవడు ఆ ఒప్పందాన్ని కొనసాగించలేదు. 1948లో ఫెర్గూసన్ 25 కోట్ల డాలర్లకు పైగా దావా వేశాడు. 1952లో 92.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఈలోగా 1946 నుంచి ఇంగ్లండులోని కోవెంట్రీలో ఆయన ట్రాక్టరు టీఈ-20 తయారవుతోంది. పదేళ్ళలో అవి 5 లక్షలకు పైగా వచ్చాయి. ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరిలో దక్షిణ ధ్రువం చేరింది కూడా ఈ రకం ట్రాక్టర్ల మీదే.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. ఫెర్గూసన్ ట్రాక్టరుతో పాటు ఒక స్పానరు ఇచ్చేవారు. దాని మీద అంగుళాల గుర్తులు ఉండేవి. నాగలి సర్దుకోవడానికి బిగించే పనిముట్టూ అదే, కొలబద్దా అదే. పొలం గట్టు మీద, మెకానిక్ లేకుండా, రైతు తనంతట తాను సర్దుకోవాలన్నది ఆయన ఉద్దేశం. కుడి లిఫ్ట్ రాడ్డుకి లెవెలింగ్ బాక్సు పెట్టిందీ అందుకే. దున్నేటప్పుడు కుడి చక్రం చాలులో దిగి ట్రాక్టరు ఒరుగుతుంది. సీటు మీంచే హ్యాండిల్ తిప్పితే నాగలి మళ్ళీ సమంగా నిలుస్తుంది.

మన దేశానికి వద్దాం. 1959లో ఐషర్ వాళ్ళు ఫరీదాబాద్‌లో దేశంలో తయారైన మొదటి ట్రాక్టరు తెచ్చారు. 1960లో మద్రాసులో మాసీ ఫెర్గూసన్ సహకారంతో టాఫే మొదలైంది. ఫెర్గూసన్ పోయింది కూడా 1960లోనే. 1974లో పంజాబ్ నుంచి స్వరాజ్ వచ్చింది. ఇప్పుడు ట్రాక్టరు రంగు ఏదైనా వెనక మూడు లింకుల పద్ధతి ఒకటే.

అయితే ఐర్లండు మెట్ట నేల కోసం పుట్టిన ఏర్పాటు మా గోదావరి డెల్టాలో బురదలో దిగింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ మాది కాలవ కింద వరి. దమ్ము చేసేటప్పుడు కింది లింకులు మునిగిపోతాయి, బురద నీళ్ళు మరల్లోకి దూరతాయి. దమ్ము అయిపోగానే అదే ట్రాక్టరు ట్రక్కు తగిలించుకుని ధాన్యానికీ ఇసుకకీ పోతుంది. నెలల తరబడి లింకుల్ని తిప్పే పని ఉండదు. గ్రీజు గట్టిపడుతుంది, తుప్పు పడుతుంది, మళ్ళీ జూన్ వచ్చేసరికి పట్టేస్తుంది. రోటావేటరు ఒక పక్కకి ఒరిగి దున్నితే మడి ఎగుడుదిగుడవుతుంది. పల్లపు పక్క నారు మునిగిపోతుంది.

నష్టం అంతటితో ఆగితే ఫరవాలేదు. 1990ల్లో, నా చిన్నప్పుడు, మా ట్రాక్టరు టాప్ లింకు ఇలాగే పట్టేసింది. దాన్ని విప్పి షెడ్డులో పడేశాం. ఒకరోజు చెరకు ట్రక్కు బురదలో దిగబడింది. కింద కొక్కెం బురదలో మునిగిపోయింది. డ్రైవరు బాబాయి చేతికందే ఎత్తులో ఖాళీగా ఉన్న టాప్ లింకు బ్రాకెట్‌కి గొలుసు కట్టి లాగించాడు. ముందు చక్రాలు లేచాయి. ఆయన పక్కకి దూకాడు గనక ప్రాణం దక్కింది, తొడ ఎముక విరిగింది. ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తాడు. ఫెర్గూసన్ 1917లో చూసిన ప్రమాదం ఎనభై ఏళ్ళ తరువాత మా చెరకు తోట పక్కన మళ్ళీ జరిగింది. కాపాడవలసిన లింకు ఆ రోజు మా షెడ్డులో ఉంది.

అందుకే ఆ సాయంత్రం వీడియోలో అన్నయ్యకి ఒక్కొక్కటే చెప్పాను. రోటావేటరుని చెక్క దిమ్మల మీదకి దించి, ఇంజను ఆపి, తాళం తీసేయమన్నాను. పైకి లేపిన పనిముట్టు కిందకి ఎవరూ వెళ్ళకూడదు. వైరు బ్రష్‌తో మట్టీ తుప్పూ గోకాడు. గ్రీజు నిప్పుల్ విప్పితే లోపల రాయిలా గట్టిపడిన గ్రీజు ఉంది. దాన్ని తీసి, తుప్పు వదిలించే నూనె మరల్లోకి కార్చి రాత్రంతా వదిలేశాడు. పొద్దున్నే మళ్ళీ నూనె వేసి, బాక్సు చుట్టూ సుత్తితో మెల్లగా తట్టాడు. మర కొస మీద కొడితే మర చెడుతుంది. హ్యాండిల్‌ని ముందు బిగువు వైపు ఒక పిసరు, తరువాత వదులు వైపు ఒక పిసరు కదిపాడు. పైపు తొడిగితే లోపలి చిన్న పళ్ళ చక్రాలు విరుగుతాయి. మంట పెట్టాల్సి వస్తే రాడ్డుని ట్రాక్టరు నుంచి విప్పి, నూనె పూర్తిగా తుడిచి, నిప్పుల్ తీసేసి, దూరంగా పెట్టాలి. మూసి ఉన్న గ్రీజు వేడికి పేలుతుంది. మాకు ఆ అవసరం రాలేదు.

అలా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ ఉంటే మూడో రోజు పొద్దున హ్యాండిల్ పావు చుట్టు తిరిగింది. మధ్యాహ్నానికి పూర్తిగా వచ్చింది. నల్ల గ్రీజు పోయి కొత్తది బయటికి వచ్చేదాకా గన్ కొట్టాడు. టాప్ లింకు కూడా విప్పి చూడమన్నాను. దానికి ఒక కొస ఎడమ మర, ఒక కొస కుడి మర ఉంటాయి. తెలియక బలం పెడితే వదులు చేస్తున్నామనుకుంటూ బిగిస్తాం.

అదంతా చూస్తూ బాబాయి షెడ్డులో మంచం మీద కూర్చున్నాడు. "ఆ రోజున ఎవరైనా ఇలా రెండు రోజులు ఓపిక పట్టి ఉంటే బాగుండేదిరా" అన్నాడట. అన్నయ్య నాకు ఫోనులో చెప్పాడు. నేనేమీ అనలేకపోయాను.

శ్రోతలకి నా మనవి ఒక్కటే. దమ్ము అయిపోయాక కూడా నెలకొకసారి ఆ హ్యాండిల్నీ టాప్ లింకునీ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పండి, మర బయటికి ఊడిపోనివ్వకండి, గ్రీజు పెట్టండి. పది నిమిషాల పని. టాప్ లింకు బ్రాకెట్‌కి గొలుసు మాత్రం ఎప్పుడూ కట్టకండి.