పొక్కుల జ్వరము వెనుక మందు

మందు రోగమును పోగొట్టుటకే పుట్టినది. కాని వేలమందికి మేలుచేసిన మందే ఎప్పుడో ఒక బిడ్డకు ప్రాణాపాయము తెచ్చిపెట్టును. ఈ సంగతి గ్రహించుటకు వైద్యులకు చాలకాలము పట్టినది.

1922లో న్యూయార్కు వైద్యులైన స్టీవెన్స్, జాన్సన్ అనువారు ఇద్దరు బాలురను గూర్చి వ్యాసము ప్రకటించిరి. ఒకనికి 7 ఏండ్లు, మరియొకనికి 8 ఏండ్లు. తీవ్రజ్వరము, ఒంటినిండ మచ్చలు, నోటిలో పుండ్లు, కండ్లలో చీము వారికి కలిగిన బాధలు. ఇది ఏదో క్రొత్త అంటుజ్వరము కావచ్చునని ఆ వైద్యులు తలచిరి. వ్యాధికి వారి పేర్లే నిలిచినవి.

తరువాత సల్ఫా మందులు, మూర్ఛ మందులు వాడుకలోనికి వచ్చినవి. వాటి వెంటనే ఈ వ్యాధియు కనిపించుచుండుట వైద్యులు గమనించిరి. 1956లో స్కాట్లండులోని అబర్డీనులో అలన్ లయల్ అను చర్మవైద్యుడు నలుగురు రోగులను వర్ణించెను. సలసల కాగు నీరు పడినట్లు వారి చర్మము బొబ్బలెక్కి ఊడినది. ఈ రెండును ఒకే వ్యాధికి తీవ్రతలో భేదములని తరువాత తేలినది. ఊడిన చర్మము శరీరములో నూటికి 10 పాళ్ళకు లోపుగా ఉన్నచో మొదటి పేరు, 30 పాళ్ళకు మించినచో రెండవ పేరు వాడుదురు.

అందరికిని సరిపడిన మందు ఒకరికే ఏల చేటు చేయును? 2004లో తైవాను శాస్త్రజ్ఞులు దీనికి కొంత జవాబు కనుగొనిరి. కార్బమజెపీన్ అను మూర్ఛ మందు వలన ఈ వ్యాధి వచ్చిన 44 మందిలోను హెచ్.ఎల్.ఏ.–బి 1502 అను జన్యురూపము ఉండెను. ఆ మందు సరిపడిన 101 మందిలో ముగ్గురికి మాత్రమే అది కలదు. తనదేదో పరాయిదేదో రక్షణకణములకు తెలుపు ప్రోటీనును ఈ జన్యువు నిర్మించును. మందు ఆ ప్రోటీనునకు అంటుకొనగా, రక్షణకణములు భ్రమపడి సొంత చర్మమునే చంపివేయును. ఈ జన్యురూపము చైనా, ఆగ్నేయాసియా ప్రజలలో హెచ్చు. భారతదేశములోను కొందరికి కలదు.

2011లో తైవానులో 4,877 మందిని ముందుగా పరీక్షించిన ఫలితములు వెలువడినవి. నూటికి దాదాపు 8 మందిలో ఈ రూపము కనిపించగా, వారికి ఆ మందు ఇయ్యలేదు. పూర్వపు లెక్క ప్రకారము సుమారు 10 మందికి రావలసిన వ్యాధి ఒక్కరికైనను రాలేదు.

అయినను అన్ని మందులకు ఇట్టి పరీక్ష లేదు. పిల్లలలో మైకోప్లాస్మా అను సూక్ష్మజీవి వలన కూడ ఇట్టి లక్షణములు కలుగవచ్చును. అందుచేత నేటికిని మొదటి రక్షణ జాగరూకతయే. క్రొత్త మందు మొదలిడిన 4 రోజులనుండి 4 వారములలోపల జ్వరము, నొప్పితో కూడిన దద్దురు, నోటిపుండ్లు, కండ్లు ఎర్రబడుట కనిపించినచో, వాడుచున్న మందులన్నిటితో బిడ్డను వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. మూర్ఛ మందును అకస్మాత్తుగా మానుటయు అపాయకరమే కనుక మార్పు వైద్యుడే చేయవలెను. కోలుకొనిన పిమ్మట ఆ మందు పేరు వ్రాసి ఇంటిలోను, బడిలోను భద్రపరచినచో, అదే మందు ఆ బిడ్డకు మరల ఇయ్యకుండ కాపాడవచ్చును.