ఇటాలా (మోటారు కార్ల సంస్థ)

ఇటాలా ఇటలీలోని ట్యూరిన్ కేంద్రంగా 1904 నుంచి 1934 వరకు నడిచిన కార్ల తయారీ సంస్థ. 1907లో పెకింగ్ నుంచి పారిస్ దాకా సాగిన పందెంలో గెలిచిన కారు దీనిదే. పందేల్లో ఇటాలాకు పేరు త్వరగానే వచ్చింది. ఆ పేరును నిలకడైన వ్యాపారంగా మలచుకోవడం మాత్రం సాధ్యపడలేదు.

స్థాపన

ట్యూరిన్‌లో కార్ల పరిశ్రమకు పునాది వేసినవారిలో చెయిరానో సోదరులు ముఖ్యులు. అన్న జొవాన్ని బత్తిస్తా నడిపిన చిన్న కర్మాగారాన్ని 1899లో అప్పుడే పుట్టిన ఫియట్ కొనేసింది. తమ్ముడు మత్తేయో 1903లో సొంతంగా తయారీ మొదలుపెట్టాడు. మరుసటి ఏడు జెనోవా పెట్టుబడిదారుల అండతో అది ఇటాలాగా రూపు దిద్దుకుంది. 1905లో మత్తేయో తప్పుకుని, ఆ తర్వాత ఎస్‌పీఏ అనే మరో సంస్థకు శ్రీకారం చుట్టాడు.

ఆ రోజుల్లో పెద్ద కార్లలో ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకు అందించడానికి ఎక్కువగా సైకిల్‌కు ఉన్నట్టు గొలుసులు వాడేవారు. దుమ్ముకు అవి అరిగిపోయేవి, తెగిపోయేవి. ఇటాలా తన పందెం కార్లలో సైతం గొలుసుకు బదులు షాఫ్టునే అమర్చింది.

పందేలు

1905లో బ్రెషాలో జరిగిన కొప్పా ఫ్లోరియోను ఇటాలా 100 హార్స్‌పవర్ కారుతో జొవాన్ని బత్తిస్తా రాజ్జో గెలిచాడు. 1906 మేలో సిసిలీ కొండదారుల్లో తొలి తార్గా ఫ్లోరియో జరిగింది. సుమారు 446 కిలోమీటర్ల ఆ దూరాన్ని ఇటాలా కారులో అలెస్సాండ్రో కాన్యో తొమ్మిదిన్నర గంటల్లో పూర్తిచేసి మొదట నిలిచాడు.

పెకింగ్ – పారిస్

పెకింగ్ నుంచి పారిస్‌కు కారులో రాగలవారెవరైనా ఉన్నారా అని 1907 జనవరి 31న ఫ్రెంచి పత్రిక ల మతన్ సవాలు విసిరింది. జూన్ 10న పెకింగ్ నుంచి బయలుదేరినవి ఐదు వాహనాలే. ఇటాలా 35/45 హార్స్‌పవర్ కారును రాకుమారుడు షిపియోనే బోర్గీజే తెచ్చాడు. అతనితో మెకానిక్ ఎత్తోరే గుయిత్సార్ది, కొరియెరే దెల్లా సేరా విలేఖరి లుయీజీ బర్జీని ఉన్నారు.

బోర్గీజే ఏదీ అదృష్టానికి వదలలేదు. కారు వెడల్పుకు సరిపడా వెదురు కర్ర పట్టుకుని, పెకింగ్ దాటాక వచ్చే కనుమలను ముందే గుర్రంపై వెళ్లి కొలిచి చూశాడు. దారి పొడవునా పెట్రోలు నిల్వలు పెట్టించాడు. అయినా కొండల్లో కారును కూలీలు తాళ్లతో లాగాల్సి వచ్చింది. గోబీ ఎడారి దాటి సైబీరియా చేరాక బైకాల్ సరస్సు ప్రాంతంలో పాత చెక్క వంతెన కూలి కారు కిందికి జారిపోయింది. రహదారి దొరకని చోట రైలు పట్టాల మీదుగా నడిపారు. చెక్క చక్రం విరిగితే రష్యన్ వడ్రంగి ఒకతను గొడ్డలితోనే బాగుచేసి ఇచ్చాడు. విందు కోసం మాస్కో నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు చుట్టుదారి పట్టినా, ఆగస్టు 10న ఇటాలా పారిస్‌లో ఉంది. తర్వాతి కార్లు చేరడానికి మరో ఇరవై రోజులు పట్టింది. బర్జీని రాసిన పుస్తకం 1908లో వెలువడి అనేక భాషల్లోకి వెళ్లింది.

క్షీణత

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఇటాలా మామూలు కవాటాల స్థానంలో తిరిగే కవాటాలున్న ఇంజిన్లు తయారుచేసింది. యుద్ధంలో హిస్పానో-సూయిజా విమాన ఇంజిన్ల తయారీకి దిగి ఆర్థికంగా దెబ్బతింది. 1920లలో అదే ఊళ్లోని ఫియట్ భారీ ఎత్తున చవక కార్లు తీసుకొస్తుంటే, ఇటాలా తక్కువ సంఖ్యలో ఖరీదైన కార్లు చేస్తూ అప్పుల్లో కూరుకుపోయింది. ఫియట్ నుంచి వచ్చిన ఇంజినీరు జూలియో చెజారే కప్పా ఆరు సిలిండర్ల 'తీపో 61'ను రూపొందించాడు. అది మంచి కారే అయినా సంస్థను గట్టెక్కించలేకపోయింది. 1934తో ఉత్పత్తి ముగిసింది.

పెకింగ్ నుంచి వచ్చిన కారు ట్యూరిన్‌లోని జాతీయ ఆటోమొబైల్ మ్యూజియంలో ప్రదర్శనలో ఉంది.