జీవితకాల వేట లైసెన్సు: వయస్సు, రుసుము, ప్రజాధనం

పరిచయం

అమెరికాలో చాలా రాష్ట్రాలు ఒక్కసారి రుసుము చెల్లిస్తే జీవితాంతం వేటాడటానికి, చేపలు పట్టడానికి అనుమతించే లైసెన్సును అమ్ముతాయి. పసిబిడ్డ పేరున కొంటే ఒక ధర, వయోజనులకు మరొక ధర, వృద్ధులకు చాలా తక్కువ ధర. ఈ ధరలూ, వృద్ధులుగా లెక్కించే వయస్సూ కాలానుగుణంగా మారుతూ వచ్చాయి. ఇది కార్యాలయ వ్యవహారమే కదా, చరిత్ర విద్యార్థికి దీనితో పనేమిటని మీకు అనిపించవచ్చు. కానీ ఉమ్మడి సంపదను కాపాడే ఖర్చును ఏ తరం భరించాలన్న ప్రశ్నకు ఒక సమాజం ఇచ్చుకున్న సమాధానం ఈ రుసుముల పట్టికలోనే ఉంది. ఈ పాఠంలో దాన్ని చదవడం నేర్చుకుందాం.

నేపథ్యం

ఇంగ్లండులో వేట చాలాకాలం హోదాకు సంబంధించిన హక్కు. 1671 నాటి చట్టం నిర్దిష్ట భూమి ఆదాయం ఉన్నవారికే ఆ హక్కును పరిమితం చేసింది. అమెరికాలో స్థిరపడిన వలసదారులు ఈ పద్ధతిని తమతో తెచ్చుకోలేదు. అక్కడ వేట సామాన్యుడి హక్కుగా మారింది. అయితే అదుపులేని వేటకు మార్కెట్టు వ్యాపారం తోడై 19వ శతాబ్దంలో వన్యప్రాణులకు తీవ్ర నష్టం జరిగింది. ఒకప్పుడు ఆకాశాన్ని కమ్మేసే గుంపులుగా ఎగిరిన ప్రయాణ పావురం జాతిలో చివరి పక్షి 1914లో సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చనిపోయింది.

ఈలోగా న్యాయపరమైన ఒక భావన బలపడింది. రాష్ట్రం వన్యప్రాణులను ప్రజల తరఫున సంరక్షిస్తుందని 1896లో గీర్ కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. ఆ తీర్పును 1979లో తోసిపుచ్చినా, ప్రజల తరఫు సంరక్షణ అన్న ఆలోచన నిలిచిపోయింది. సంరక్షించాలంటే సిబ్బంది కావాలి, సిబ్బందికి జీతాలు కావాలి. ఆ డబ్బుకు లైసెన్సు రుసుము ప్రధాన ఆధారమైంది.

1937 చట్టం: లెక్కలోకి వచ్చే మనిషి

ఈ కథలో కీలకమైన మలుపు 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం. తుపాకులు, తూటాలపై వసూలయ్యే ఎక్సైజ్ పన్నును ఈ చట్టం వన్యప్రాణి సంరక్షణ కోసం రాష్ట్రాలకు కేటాయించింది. 1950లో వచ్చిన డింగెల్-జాన్సన్ చట్టం చేపల విషయంలో ఇదే పద్ధతిని అనుసరించింది.

ఇక్కడ రెండు అంశాలను గుర్తుంచుకోండి. మొదటిది: లైసెన్సు రుసుమును వన్యప్రాణి శాఖ అవసరాలకు తప్ప ఇతర పనులకు మళ్లించబోమని అంగీకరించిన రాష్ట్రానికే ఈ నిధి లభిస్తుంది. రెండవది: వేట నిధిలో సగం రాష్ట్ర విస్తీర్ణాన్ని బట్టి, మిగిలిన సగం డబ్బు చెల్లించి లైసెన్సు పొందినవారి సంఖ్యను బట్టి పంచుతారు. అంటే ఉచితంగా వేటాడే వ్యక్తి ఈ లెక్కలోకి రాడు. ఒక వృద్ధుడికి రుసుము మినహాయిస్తే రాష్ట్రం అతని రుసుముతోపాటు అతని పేరున రావలసిన కేంద్ర నిధి వాటాను కూడా కోల్పోతుంది.

రెండు ఉదాహరణలు

నార్త్ కరోలినా 1981లో వన్యప్రాణి శాశ్వత నిధిని ఏర్పాటు చేసింది. జీవితకాల లైసెన్సుల ద్వారా వచ్చిన మొత్తాన్ని ఖర్చు చేయకుండా పెట్టుబడిగా ఉంచి, దానిపై వచ్చే ఆదాయాన్నే వాడాలన్నది నియమం. పంట తిన్నా విత్తనం తినని రైతు పద్ధతి ఇది. పసిబిడ్డ పేరున కొన్న లైసెన్సు అరవై, డెబ్బై ఏళ్ల పాటు చెల్లుతుంది. అసలు సొమ్మును మొదటి ఏడాదే వాడేస్తే తరువాతి దశాబ్దాల సేవకు నిధి ఉండదు.

రెండవ ఉదాహరణ కాన్సాస్. అక్కడ 65 ఏళ్లు నిండిన స్థానికులకు లైసెన్సు అవసరమే ఉండేది కాదు. 2012లో చట్టం మారింది. 2013 నుంచి 65 మొదలు 74 ఏళ్ల వరకు ఉన్నవారు సగం ధరకు వార్షిక లైసెన్సు గానీ, సుమారు 40 డాలర్లకు జీవితకాల పాస్ గానీ తీసుకోవాల్సి వచ్చింది. 75 ఏళ్లు నిండినవారికి మినహాయింపు కొనసాగింది.

ఈ మార్పు ఆ సమయంలోనే ఎందుకు వచ్చింది? రెండవ ప్రపంచ యుద్ధం తరువాత, 1946 నుంచి 1964 వరకు, అమెరికాలో జననాలు విపరీతంగా పెరిగాయి. ఆ తరంలో మొదటివారికి 2011లో 65 ఏళ్లు నిండాయి. మరోవైపు వేటగాళ్ల సంఖ్య తగ్గుతోంది. జాతీయ సర్వే ప్రకారం 2011లో 1.37 కోట్లుగా ఉన్నవారు 2016 నాటికి 1.15 కోట్లకు తగ్గారు. అతి పెద్ద తరం ఒక్కసారిగా మినహాయింపులోకి వెళ్లిపోతే మిగిలినవారిపై భారం పెరుగుతుంది. వృద్ధులు కొద్దిమందే ఉన్నప్పుడు గౌరవసూచకంగా ఇచ్చిన రాయితీ, వారి సంఖ్య పెరిగేసరికి ఖజానా సమస్యగా మారింది.

పుట్టిన తేదీ చెప్పే చరిత్ర

కొన్ని రాష్ట్రాలు వయస్సుకు బదులు పుట్టిన తేదీని ప్రమాణంగా పెట్టుకున్నాయి. టెక్సాస్‌లో 1931 జనవరి 1కి ముందు పుట్టినవారికి చేపల లైసెన్సు అక్కర్లేదు. విస్కాన్సిన్‌లో ఇలాంటి గీత 1927 దగ్గర ఉంది. ఈ తేడాను జాగ్రత్తగా పరిశీలించండి. '65 ఏళ్లు' అన్న నియమం ఉంటే ప్రతి ఏటా కొత్తవారు మినహాయింపులోకి వస్తారు. 'ఫలానా సంవత్సరానికి ముందు' అన్న నియమం కింద కొత్తవారెవరూ రారు. పాత తరానికి ఇచ్చిన మాట నిలబడుతుంది, ఆ తరంతోపాటే ఆ రాయితీ ముగుస్తుంది.

ఇందులో న్యాయం ఎటువైపు ఉంది? నలభై ఏళ్లు రుసుము కట్టిన వ్యక్తి, ముసలితనంలోనైనా వదిలిపెట్టరా అని అడిగితే అది సబబే. పింఛనుతో బతికేవారికి చిన్న మొత్తం కూడా భారమే. నా తండ్రికి దొరికిన రాయితీ నాకెందుకు లేదని, దాని ఖర్చు మాత్రం నేనెందుకు భరించాలని యువకుడు అడిగితే అదీ సబబే. రెండు పక్షాలనూ విని, శాసనసభ ఎవరి మాటకు ఎంత విలువ ఇచ్చిందో గుర్తించడం చరిత్ర విద్యార్థి పని.

మన దేశంతో పోలిక

లైసెన్సు పద్ధతి మనకూ కొత్త కాదు. ఆంధ్ర జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో నీలగిరుల వేట, చేపల సంరక్షణకు 1879లోనే చట్టం వచ్చింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో లైసెన్సుతో వేటకు అవకాశం ఉంచింది. 1991 సవరణ వినోద వేటకు ఆ దారి మూసేసింది. కనుక అమెరికాలో మాదిరిగా వేటగాడి రుసుము ఇక్కడ సంరక్షణకు ఆధారం కాదు. ఆ భారం ప్రధానంగా ప్రభుత్వ బడ్జెట్‌పై, అంటే వేటాడని మనందరిపై ఉంది. పద్ధతులు వేరైనా ప్రశ్న ఒక్కటే: అడవి ఉమ్మడి ఆస్తి అయితే, దాని కాపలా ఖర్చు ఎవరిది?

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఉచిత లైసెన్సు ఇచ్చిన రాష్ట్రం రెండు విధాలుగా ఎలా నష్టపోతుంది?
2. వయస్సు నియమానికీ, పుట్టిన తేదీ నియమానికీ గల తేడాను ఉదాహరణలతో వివరించండి.
3. మీకు తెలిసిన ఏదైనా వృద్ధుల రాయితీని తీసుకోండి. ఆ వయస్సును ఎప్పుడు నిర్ణయించారు, దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారు అన్నది తెలుసుకొని ఒక పుటలో రాయండి.