వంగిన లోకప్పు

పందొమ్మిదవ శతాబ్దమున అమెరికా దేశపు గృహములలో లోకప్పునకు వంపు దెచ్చుట ప్రధానముగా తాపీ పనివాని విద్య. వడ్రంగి కమాను రూపమున కోసిన కొయ్య పక్కటెముకలను దూలములకు బిగించి, వాని కడ్డముగా సన్నని బద్దలను, నడుమ పావు అంగుళము సందు విడిచి, వరుసగా మేకులతో కొట్టెడివాడు. పిమ్మట తాపీవాడు సున్నమును, ఇసుకను, పశువుల వెండ్రుకలను కలిపి సిద్ధపరచిన ముద్దను ఆ బద్దలపై నదుమగా, అందు కొంత సందులగుండ ఆవలికి పొంగి, బద్దల వెనుక జారి గట్టిపడి, పూత యొక్క బరువు నంతటిని పట్టి నిలుపుచుండెను. మొదటి పూతను గీరి, రెండవదానిని సమము చేసి, మూడవదానిని నునుపు దేల్చునప్పటికి వారములు గడచెడివి. అయినను అట్లు సిద్ధమైన వంపులో అతుకన్నది కానరాదు. పచ్చిముద్దకు ఏ దిక్కున వంగుటకును అభ్యంతరము లేదు గదా.

బద్దలకు మారుగా ఇనుప జాలి వచ్చిన పిదప ఈ విద్య మరింత స్వేచ్ఛ నందినది. జాన్ ఎబర్సన్ అను వాస్తుశిల్పి 1923లో హ్యూస్టను నగరమునను, 1929లో శాన్ ఆంటోనియోయందును నిర్మించిన మెజెస్టిక్ నాటకశాలలలో, ప్రేక్షకులు ఆరుబయట కూర్చుంటిమని భ్రమించునట్లు, లోకప్పునంతను రాత్రివేళ ఆకాశముగా తీర్చి అందు దీపములను నక్షత్రములుగా పొదిగించెను. తాపీవాని చేతికి ఇంతకు మించిన గౌరవము మరి యెన్నడును దక్కలేదని నా తలంపు.

ఆ చేతిని తొలగించు సాధన మప్పటికే పుట్టియుండెను. అగస్టిన్ సాకెట్ అనువాడు 1894లో పేటెంటు పొందిన పలక మూడడుగుల చదరము, పావు అంగుళము మందము గలది. నాలుగు పొరల కాగితము నడుమ జిప్సము పొడిని తడిపి పరచినది. జిప్సము వింత శిల. దానిని సుమారు 150 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాల్చినచో తనలోని నీటిలో ముప్పాతిక భాగమును విడిచి పొడియగును. ఆ పొడికి నీరు తగిలినంతనే పోయినదానిని మరల గ్రహించి రాయి యగును. మంటకు ఆ నీరే అడ్డు. 1666లో లండను తగులబడగా, మరుసటి యేట ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ పారిసులోని కొయ్య యిండ్లకు జిప్సపు పూత వేయవలెనని ఆజ్ఞాపించుటకు కారణ మిదియే; అందులకు వలసిన శిల మోమార్త్ర్ కొండలోనే దొరకుచుండెను.

సాకెట్ పలక మొదట బద్దలకు ప్రత్యామ్నాయము మాత్రమే, దానిపై గిలాబా వేయకతప్పదు. యునైటెడ్ స్టేట్స్ జిప్సం కంపెనీ 1909లో సాకెట్ సంస్థను కొని, పదియేండ్లలోపుననే పూత యక్కరలేని పలకను అంగడికి దెచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసి సైనికులు తిరిగి వచ్చి యిండ్ల కరవు తీవ్రమైనప్పుడు, 1947లో లెవిట్‌టౌనువంటి వాడలలో గోడలన్నియు ఈ పలకలతోనే లేచినవి. త్వరలో గృహస్థులు మరల వంపు నడిగిరి. సమతలముగా పుట్టిన పలక వంగుట నేర్వవలసివచ్చెను.

అర అంగుళపు పలక పొడిగా నున్నప్పుడు సుమారు 10 అడుగుల వ్యాసార్ధమునకును, పావు అంగుళపుది 5 అడుగుల వ్యాసార్ధమునకును వంగును. అంతకు మించి వంచినచో కాగితము నిలిచినను లోని జిప్సము పగులును. కావున నేర్పరులు పావు అంగుళపు పలకలనే రెండు పొరలుగా, అతుకుల నెడముగా నుంచి బిగింతురు. అంతకంటె బిగువైన వంపు కావలెనన్నచో పలకను నీటితో తడిపి, నీరు లోనికి దిగునంతవరకు వేచియుండవలెను. పనివాడు దాని యొక కొనను మొదటి పక్కటెముకకు బిగించి, అరచేతులతో కొద్దికొద్దిగా నొత్తుచు తక్కిన పక్కటెముకల కానించుచుండగా, కాగితము మెల్లగా మూల్గును. ఆరిన తరువాత పలక ఆ వంపునందే గట్టిపడి, తొల్లింటి బలమును చాలవరకు తిరిగి పొందును. పక్కటెముకల నడుమ యెడము ఎక్కువైనచో వంపు కోణములుగా విరిగి కనబడును. ఆ లోపము లప్పముతో కప్పబడునది కాదు.

అర్ధగోళాకారపు గుమ్మటము మాత్రము ఈ పలకకు లొంగదు. సమతలమును చింపక, ముడుతపడనీయక గోళముపై పరచుట అసాధ్యమని గణితజ్ఞుడైన గౌస్ 1827లో సిద్ధాంతీకరించెను. వడ్రంగులు అదే సత్యమును రంపముతో తెలిసికొనిరి. పలకను దబ్బపండు తొనలుగా కోసి, అంచులు కలిపి, కీళ్లపై లప్పము పూయుట యొక మార్గము. 1856లో దెసాషీ అను ఫ్రెంచి శిల్పి లండనులో పేటెంటు పొందిన విధానమున, గోనెబట్టను, కొయ్యను లోనుంచి అచ్చులో పోసిన జిప్సపు ముక్కలను అమర్చుట రెండవది. గోనెబట్టకు మారుగా గాజుపీచు చేరినది గాని, పద్ధతి నేటికిని నశింపలేదు. హైదరాబాదులోని ఫాల్స్ సీలింగు పనివారును సమతలమునకు జిప్సం బోర్డును బిగించి, గుండ్రని భాగములు వచ్చినచోట జాలి కట్టి, దానిపై పీవోపీని (ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను) తాపీతో తీర్చుచుందురు.