కేవల మాంసాహార పథ్యం: కృష్ణా డెల్టా

ధాన్యం, పప్పు, కాయగూర, పండు, చక్కెర అన్నిటినీ విడిచి, మాంసం, చేపలు, గుడ్లు, జంతువుల కొవ్వు మీదనే కొంతకాలం గాని ఎల్లకాలం గాని గడిపే ఆహార నియమాన్ని కేవల మాంసాహార పథ్యం అంటారు. బరువు తగ్గడానికీ, మధుమేహాన్ని అదుపులో పెట్టడానికీ దీనిని ఆశ్రయించినవారు 18వ శతాబ్ది చివరి నుంచి ఐరోపాలోనూ, ఆ తరువాత అమెరికాలోనూ కనిపిస్తారు. తెలుగు నాట ఈ నియమం యథాతథంగా పాదుకోలేదు. దీనికి మిక్కిలి దగ్గరగా వచ్చినది 2017 ప్రాంతంలో విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన పథ్యం. అది పిండిపదార్థాలను దాదాపు పూర్తిగా తొలగించి, కొవ్వును దేహానికి ప్రధాన ఇంధనంగా నిలిపింది. కృష్ణా నది సముద్రంలో కలిసే హంసలదీవి మొదలుకొని అవనిగడ్డ, మచిలీపట్నం, గుడివాడల వరకు కృష్ణా డెల్టా అన్నమే భోజనానికి మారుపేరైన ప్రాంతం కావడం వల్ల, ఇక్కడివారి అనుభవం ఈ పథ్యం చరిత్రలో ప్రత్యేకంగా గమనించదగినది.

డెల్టా భోజనంలో మాంసం

బెజవాడ వద్ద 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట కృష్ణ నీటిని కాలువల వెంట దివిసీమ దాకా నడిపించిన నాటి నుంచి ఈ నేల వరి మాగాణిగా స్థిరపడింది. పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు అనే వరుసలో విస్తట్లోకి ఏది వచ్చినా అన్నంలో కలుపుకోవడానికి వచ్చిందే గాని విడిగా కడుపు నింపడానికి వచ్చింది కాదు. మాంసం స్థానమూ అదే. కొర్రమీను, పండుగప్ప, బొమ్మిడాయి, రొయ్య, పీత పుష్కలంగా దొరికే నాగాయలంక, కోడూరు, గిలకలదిండి ప్రాంతాల్లో వల మీద బతికే మత్స్యకారులకైనా, కాలువల్లో చేపలూ పీతలూ పట్టే యానాదులకైనా రోజు గడిచేది అన్నంతోనే. పట్టినవాటిలో మేలైనవి బజారుకు పోతే, వాటి వెలతో బియ్యం ఇంటికి వచ్చేవి. బాలింతకు పాలు పడతాయని సొర చేప వండిపెట్టడం, ఎముక విరిగినవారికి మేక కాళ్ల సూపు కాచి ఇవ్వడం, జలుబు పట్టినవారికి నాటుకోడి రసం మిరియాలతో తాగించడం వంటి ఆచారాల్లో మాంసానికి మందు హోదా ఉన్నప్పటికీ, అవి సైతం నాలుగు ముద్దల అన్నం తోడుగా సాగిన పథ్యాలే. కార్తికంలో నీచు ముట్టని ఇళ్లు ఇక్కడ ఎన్నో ఉన్నందున, ఏడాది పొడుగునా మాంసం మీదనే ఉండటమన్నది ఊహకు సైతం కొత్త విషయం.

అన్నం మీద ఇంతగా ఆధారపడటంలోని ప్రమాదం ఈ తీరంలోనూ కనబడింది. మచిలీపట్నం చేరిన ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి, అంటే బి1 విటమిన్ లోపించడం వల్ల కాళ్లు మొద్దుబారి గుండె దెబ్బతినే వ్యాధి, 19వ శతాబ్దంలోనే పేరుమోసింది. దీనిపై మాల్కమ్‌సన్ రాసిన గ్రంథం 1835లో మద్రాసులో వెలువడింది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో నెలకొల్పిన బెరిబెరి పరిశోధన విభాగమే క్రమంగా ఎదిగి, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది. దేశంలోని వివిధ ప్రాంతాల భోజనాలను ఎలుకలకు పెట్టి మెక్‌కారిసన్ చేసిన ప్రసిద్ధ ప్రయోగంలో గోధుమ రొట్టె, పాలు, వెన్న, కూరలు, అప్పుడప్పుడూ మాంసం కలిసిన సిక్కుల భోజనం అగ్రస్థానంలో నిలవగా, మద్రాసు రాజధాని వరి భోజనం అట్టడుగున నిలిచింది. ఆ ప్రయోగం అన్నం మానమని చెప్పలేదు. అన్నం చుట్టూ ఉండవలసినవి లోపించాయని చెప్పింది.

మాంసం గుణాల విచారణ ఇంకా పాతది. ప్రాచీన వైద్యంలో చరక సంహిత సూత్రస్థానం అనే భాగం మాంసాన్ని ఆహార వర్గాల్లో ఒకటిగా విడదీసి, నీటిపట్టు నేలల జంతువుల మాంసం గురువనీ, అంటే జీర్ణానికి బరువనీ, మెట్ట నేలల జంతువుల మాంసం లఘువనీ చెప్పింది. తర్వాతి శతాబ్దాల గ్రంథాలు ఈ విభజననే అనుసరించాయి.

రోలో నుంచి బెల్‌వ్యూ వరకు

ఆధునిక కాలంలో మాంసాన్నే చికిత్సగా పెట్టిన తొలి ప్రసిద్ధ వైద్యుడు బ్రిటిష్ ఫిరంగి దళానికి చెందిన జాన్ రోలో. మధుమేహంతో బాధపడుతున్న మెరెడిత్ అనే స్థూలకాయుడైన కెప్టెనుకు ఆయన ప్రధానంగా మాంసం, కొవ్వు, నెత్తురుతో చేసిన వంటకాలు పెట్టి, మూత్రంలో చక్కెర తగ్గిందని 1797లో ప్రకటించాడు. 1863లో విలియం బాంటింగ్ అనే లండన్ వ్యాపారి, రొట్టె, చక్కెర, బంగాళాదుంప, బీరు మానివేసి మాంసం ఎక్కువగా తినడం వల్ల 202 పౌన్ల బరువు నుంచి ఏడాదిలో 46 పౌన్లు తగ్గానని చిన్న పుస్తకం అచ్చువేయగా, ఒక రోగి తన అనుభవాన్ని తానే రాసి జనాన్ని కదిలించడం అనే సంప్రదాయం దానితో స్థిరపడింది. అమెరికాలో జేమ్స్ సాలిస్‌బరీ గొడ్డు మాంసం ఖైమా, వేడినీరు కలిపిన పథ్యాన్ని ప్రచారం చేశాడు.

అయితే ఈ విషయంలో నేటికీ అందరూ ఆధారంగా చూపే ప్రయోగం 1928లో న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో మొదలైనది. ఉత్తర ధ్రువ ప్రాంతంలో ఇన్యూట్ ప్రజల మధ్య ఏళ్ల తరబడి చేప, మాంసం మాత్రమే తిని ఆరోగ్యంగా ఉన్నానని చెప్పిన యాత్రికుడు విల్హ్యాల్మర్ స్టెఫాన్‌సన్ మాటను వైద్యులు నమ్మకపోవడంతో, ఆయనా, ఆయన సహచరుడు కార్‌స్టెన్ ఆండర్సెనూ వైద్యుల పర్యవేక్షణలో ఏడాది పాటు మాంసం మీదనే ఉండటానికి అంగీకరించారు. ఈ ప్రయోగానికి అమెరికా మాంస వ్యాపారుల సంస్థ ధనసహాయం చేసిందన్న సంగతి మరువరానిది. అయినా కొలతలు శ్రద్ధగా తీసినవి, ఫలితాలను మెక్‌క్లెలన్, డ్యుబోయ్ 1930లో నిజాయితీగా ప్రచురించారు. రోజుకు 100 నుంచి 140 గ్రాముల మాంసకృత్తులు, 200 నుంచి 300 గ్రాముల కొవ్వు, మాంసంలో సహజంగా ఉండే 7 నుంచి 12 గ్రాముల పిండిపదార్థం వారి ఆహారమయ్యాయి. వైద్యుల కోరిక మేరకు స్టెఫాన్‌సన్ మొదట కొవ్వు లేని మాంసం మాత్రమే తిన్నప్పుడు కొద్ది రోజుల్లోనే వికారం, విరేచనాలు పట్టుకున్నాయి. కొవ్వు చేర్చగానే కుదుటపడ్డాడు. ఏడాది ముగిసేసరికి ఇద్దరిలోనూ బరువు కొద్దిగా తగ్గింది, రక్తపోటు పెరగలేదు, మూత్రపిండాలకు హాని కనబడలేదు, తాజా మాంసంలోని కొద్దిపాటి సి విటమిన్ చాలినందున స్కర్వీ రాలేదు; కాని దేహం నుంచి పోయే సున్నం, అంటే కాల్షియం, లోపలికి వచ్చిన దానికంటే ఎక్కువగా ఉంది. ఇద్దరు ఆరోగ్యవంతుల ఏడాది అనుభవం ఇది. ఆ తర్వాతి వాదాలెన్నో దీని మీదనే నడిచాయి.

1972లో రాబర్ట్ అట్కిన్స్ గ్రంథంతో పిండిపదార్థాలు తగ్గించడం అమెరికాలో మళ్లీ ఊపందుకుంది. పూర్తి మాంసాహారానికి కార్నివోర్ అనే పేరును జనంలోకి తెచ్చినవారిలో షాన్ బేకర్ ముఖ్యుడు. ఆయన పుస్తకం 2019లో వచ్చింది.

వీరమాచనేని పథ్యం

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మధుమేహం ఇంటింటి మాటగా మారి, ‘షుగరు’ అనే పదం పెళ్లి భోజనాల్లో సైతం వినబడే రోజుల్లో రామకృష్ణ పథ్యం వచ్చింది. ఆయన వైద్యుడు కాదు. తన అనుభవం నుంచి మాట్లాడుతున్నానని చెప్పి, సభల ద్వారా, టీవీ, యూట్యూబ్ ద్వారా ప్రజలకు చేరువయ్యాడు. పథ్యానికి నాలుగు స్తంభాలు ఉండేవి: రోజుకు కనీసం 70 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, మల్టీవిటమిన్ మాత్రలు. అన్నం, గోధుమ, చిరుధాన్యాలు, పప్పులు, దుంపలు, పండ్లు, పంచదార నిషిద్ధాలు. కొవ్వు, సూపు, నిమ్మరసాల మీద ఉండే ద్రవాహారం ఒక పద్ధతి, మాంసం, గుడ్లు, పనీరు, ఎంపిక చేసిన కూరగాయలతో ఉండే ఘనాహారం మరొక పద్ధతి. శాకాహారులకూ ఇందులో దారి ఉన్నందున దీనిని కేవల మాంసాహారం అనడం సరికాదు; కాని నీచు తినే ఇళ్లలో పథ్యం ఆచరణలో గుడ్లు, కోడి, చేప, వేట మాంసం, ఎముకల సూపు చుట్టూనే తిరిగింది.

దివిసీమ వంటగదిలో ఈ మార్పు సామాన్యమైనది కాదు. తలకు రాసుకునే వస్తువుగా మాత్రమే తెలిసిన కొబ్బరినూనెను సూపులో కలుపుకొని తాగవలసి వచ్చింది. అన్నంలోకని చింతపండు దండిగా వేసి కాచే చేపల పులుసును అన్నం లేకుండా తినబోతే పులుపు నోటిని పట్టుకోవడం వల్ల, పులుసు స్థానంలో ఇగురు, వేపుడు వచ్చాయి. కుక్కరులో నాలుగైదు కూతలు రావలసిన మేక ఎముకల సూపు పొద్దున్నే పొయ్యి ఎక్కేది. ఒకే ఇంట్లో ఒకరికి అన్నం, మరొకరికి పథ్యం వండే భారం ఆ ఇంటి ఆడవారి మీదనే పడిందన్న వాస్తవాన్ని ప్రచార సభల ఉత్సాహం తగినంతగా పట్టించుకోలేదు.

డెల్టాలో తేలికగా దొరికే మాంసాహార పదార్థాల స్వభావం ఈ పథ్యానికి ఒక చిక్కు తెచ్చిపెట్టింది. కొర్రమీను, రొయ్య, పీత, నాటుకోడి అన్నీ కొవ్వు తక్కువగా ఉన్నవే. అరకిలో కొర్రమీను ముక్కల్లో దాదాపు 100 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. వాటి నుంచి వచ్చే శక్తి సుమారు 400 కేలరీలు మాత్రమే. మిగిలిన శక్తి కొవ్వు నుంచి రాకపోతే స్టెఫాన్‌సన్‌ను బాధించిన వికారం, విరేచనాలే ఇక్కడా తలెత్తుతాయి. కానాగంతలు, కవళ్లు వంటి కొవ్వు గల సముద్రపు చేపలు కొంత మేలు. కొవ్వు భయంతో నూనె తగ్గించి, చేప, కోడి మాత్రం పెంచినవారికి పథ్యం పొసగకపోవడానికీ, కొబ్బరినూనె మీద రామకృష్ణ పట్టుబట్టడానికీ కారణం ఇక్కడే ఉంది. ఉప్పు పట్టించిన ఎండుచేపల మీద ఆధారపడితే రక్తపోటు ఉన్నవారికి అది వేరే ఇబ్బంది.

మొదటి వారంలోనే రెండు మూడు కిలోలు తగ్గామన్న మాట ఈ పథ్యం పాటించినవారి నోట తరచుగా వినబడేది. అది నిజమే గాని, తగ్గినది అధికభాగం నీరు. కాలేయం, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉండే పిండిపదార్థం నాలుగైదు వందల గ్రాములు. ప్రతి గ్రాముతో సుమారు మూడు గ్రాముల నీరు అంటుకొని ఉండటం వల్ల, నిల్వ ఖర్చయితే నీరూ వెళ్లిపోతుంది. అటుపై కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు అనే ఇంధనాన్ని తయారుచేస్తుంది. ఆకలి మందగిస్తుంది, తినేది తగ్గుతుంది, కొవ్వు కరుగుతుంది. తలనొప్పి, నిస్సత్తువ, నోటి దుర్వాసన, పీచు తగ్గినందున మలబద్ధకం ఈ దశలో సాధారణం. మూడు పూటలా అన్నం, ఇడ్లీ, దోశె తింటూ వచ్చిన మధుమేహికి రక్తంలో చక్కెర వేగంగా దిగడం కళ్లారా కనిపించేది కాబట్టి, పథ్యం మీద నమ్మకం ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి సులువుగా పాకింది. ఆ నమ్మకాన్ని అజ్ఞానమని కొట్టివేయడం అన్యాయం.

ఆక్షేపణలు, ఇతర పథ్యాలు

వైద్యుల ఆక్షేపణలు కూడా బలమైనవే. ఇన్సులిన్ గాని, చక్కెరను దించే కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారు మోతాదు మార్చకుండా అన్నం మానితే చక్కెర ప్రమాదస్థాయికి పడిపోతుంది. మూత్రం ద్వారా చక్కెరను పంపే కొత్త తరగతి మాత్రలతో పిండిపదార్థం మానడం రక్తం ఆమ్లీకరణానికి, అంటే కీటో అసిడోసిస్‌కు దారితీయవచ్చు. యూరిక్ ఆమ్లం పెరిగి కీళ్లవాతం తిరగబెట్టడం, అప్పటికే బలహీనపడిన మూత్రపిండాలపై భారం, చెడు కొలెస్ట్రాల్ పెరుగుదల మిగిలిన భయాలు. 2018లో టీవీ చర్చలు ఈ విషయాలతోనే వేడెక్కాయి. అదే విజయవాడ పరిసరాల్లో ఉప్పు, నూనె లేని ప్రకృతాహారాన్ని బోధించే మంతెన సత్యనారాయణరాజుకు అప్పటికే విశేష జనాదరణ ఉండగా, చిరుధాన్యాలను ప్రచారం చేసే ఖాదర్ వలీ కూడా ఆ రోజుల్లోనే తెలుగు ఇళ్లకు చేరువయ్యాడు. ఆయనకు 2023లో పద్మశ్రీ లభించింది. ముగ్గురి బోధలూ పరస్పరం పొసగనివే అయినా, తెల్లటి పాలిష్ బియ్యపు కుప్పను విస్తరి మధ్య నుంచి తప్పించడంలో మాత్రం ముగ్గురూ ఒక్కటే.

బరువు తగ్గడమే మధుమేహానికి మేలు చేస్తుందా, లేక మాంసమూ కొవ్వూ ప్రత్యేకంగా చేస్తాయా అన్న ప్రశ్నకు బ్రిటన్‌లో డైరెక్ట్ పేరిట జరిగిన ప్రయోగం 2017లో ముఖ్యమైన ఆధారమిచ్చింది. కొన్ని నెలల పాటు అతి తక్కువ కేలరీల ద్రవాహారం పుచ్చుకున్నవారిలో 46 శాతం మందికి ఏడాది తర్వాత మందులు లేకుండానే చక్కెర అదుపులో ఉంది. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో ఆ సంఖ్య 86 శాతం. ఆ ఆహారంలో పిండిపదార్థం లేకపోలేదు. కేవల మాంసాహారం విషయానికి వస్తే, 2020లో 2029 మందిని ప్రశ్నించి 2021లో ప్రచురించిన హార్వర్డ్ పరిశోధకుల సర్వేలో 95 శాతం మంది ఆరోగ్యం మెరుగైందని చెప్పారు. మధ్యస్థ చెడు కొలెస్ట్రాల్ మాత్రం డెసిలీటరుకు 172 మిల్లీగ్రాములుగా, సాధారణ పరిమితికి చాలా ఎగువన నమోదైంది. జవాబిచ్చినవారు తమంతట తాము ముందుకు వచ్చినవారు, సగటున ఏడాది పైచిలుకుగా పథ్యంలో నిలిచినవారు. మధ్యలో మానినవారి మాట ఆ లెక్కలో లేదు.

డెల్టాలోనూ ఈ పథ్యం సాధారణంగా కొన్ని నెలల నియమంగానే సాగింది. పండుగలు, పెళ్లిళ్లు, కార్తిక మాసపు నిష్ఠ, కొవ్వు పట్ల వెగటు, ఖర్చు అన్నీ కలిసి అన్నాన్ని తిరిగి విస్తట్లోకి తెచ్చాయి. పాత మోతాదులో తెచ్చుకున్నవారికి బరువూ తిరిగి వచ్చింది. పూర్తిగా వదలనివారు పొద్దున గుడ్లు, మధ్యాహ్నం ఒక్క పూట కొలిచిన అన్నం, రాత్రి చేపో కోడో అనే మధ్యేమార్గంలో స్థిరపడ్డారు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు ధాన్యం నుంచి వచ్చే శక్తి 45 శాతానికి మించరాదని చెప్పి, మిగిలినది పప్పులు, గుడ్లు, మాంసం, పాలు, గింజలు, కూరగాయలు, పండ్ల నుంచి తీసుకోమన్నాయి. తరతరాలుగా అన్నం మీద సాగుతున్న డెల్టా భోజనానికి ఇది కూడా పెద్ద మార్పే.