ఒడియందలి చిప్పు – కొలువునందలి చిప్పు

కార్తిక పౌర్ణమినాడు మంగినపూడి తీరమున సముద్రస్నానము చేసి యొడ్డున గూర్చుండి యుండగా, దివిసీమ పెద్దయొకరు నన్నిట్లు ప్రశ్నించిరి. "అయ్యవారూ! మా మనుమడు ఒడిలో పెట్టికొని పనిచేసికొను ల్యాప్‌టాపు, పూర్వము వాతావరణపు లెక్కలకై అమెరికానుండి ఢిల్లీకి తెప్పించిన మహాయంత్రముకంటె బలమైనదని చెప్పుచున్నాడు. వాని మాట నిజమేనా? నిజమే యైనచో 2024లో ప్రభుత్వమువారు 850 కోట్ల రూపాయలు వెచ్చించి మరల మహాయంత్రములను నెలకొల్పుట యెందులకు? ఇట్టి ల్యాప్‌టాపులు పది తెచ్చి పెట్టిన చాలదా?"

ఈ ప్రశ్న దివిసీమవారు అడుగదగినదే. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరుమీదికి పొంగి సుమారు 30,000 ప్రాణములను బలిగొన్నది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమ గ్రామములను ముంచివేసినది. ఆ తుపానులో ప్రభుత్వపు లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది గతించిరి. కావున తుపాను ఏ తీరమును ఎప్పుడు తాకునో లెక్కగట్టు యంత్రము మనకు వినోదవస్తువు కాదు. ఆ పెద్దలకు ఒడ్డున గూర్చుండి ముక్తసరిగా చెప్పిన మాటనే నేడు కొంత విపులముగా మనవి చేయుదును.

మొదట వాతావరణమును లెక్కగట్టుట యననేమో చూతము. భూమిమీద చదరంగపు బల్లవలె గడులు గీసి, ఒక్కొక్క గడిలోని గాలి, వేడిమి, తేమ, పీడనము ఇంత యని వ్రాసికొని, కొన్ని నిమిషముల పిమ్మట అవి ఎట్లు మారునో పదార్థశాస్త్ర సూత్రములచే గుణించుదురు. ఆ వచ్చిన ఫలితముమీద మరల గుణించుదురు. ఇట్లు దినముల కొలది ముందునకు సాగుదురు. రిచర్డ్‌సన్ అను ఆంగ్లేయుడు 1922లో ప్రకటించిన గ్రంథములో ఈ పద్ధతిని వివరించి, లోకమంతటి వాతావరణమును వేళకు లెక్కగట్టుటకు ఒక మహామందిరమున 64,000 మంది లెక్కరులు కూర్చుండవలెనని ఊహించెను. 1950లో అమెరికాలోని ఎనియాక్ అను యంత్రముమీద ఈ లెక్క తొలిసారి నడచినది. ఒక దినపు భవిష్యత్తు తెలిసికొనుటకు సుమారు ఒక దినమే పట్టినది. రేపటి వాన రేపటికే తెలిసిన రైతునకు లాభమేమి?

మన దేశమున ఈ విద్య మెల్లగా పెరిగినది. తెలుగునేలకు ఇందులో గణనీయమైన భాగము కలదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారి ఆధ్వర్యమున 1967లో హైదరాబాదున ఇ.సి.ఐ.ఎల్. అను ఎలక్ట్రానిక్సు సంస్థ వెలసినది. 1969లో ఆ సంస్థ పేర టి.డి.సి.-12 అను కంప్యూటరు వెలువడినది. అయినను ప్రపంచ వాతావరణమును గుణించుటకు అట్టి యంత్రములు చాలవు. అందుచేత భారత ప్రభుత్వము అమెరికావారిని క్రే కంపెనీ మహాయంత్రమునకై అడిగెను. రెండు ప్రాసెసరులు గలదానిని అడుగగా, వారు ఎన్నో నిబంధనలతో ఒకే ప్రాసెసరు గల ఎక్స్-ఎం.పి.-14 అను దానిని ఇచ్చిరి. ప్రాసెసరు అనగా యంత్రమున లెక్కచేయు భాగము. ఆ యంత్రము 1989లో ఢిల్లీలో ప్రారంభమైనది.

ఇప్పుడు మనుమని మాటకు వత్తము. ఆ క్రే యంత్రము గరిష్ఠముగా సెకనుకు సుమారు 23 కోట్ల దశాంశపు లెక్కలు చేయగలదు. దాని మెమొరీ, అనగా లెక్క నడచుచుండగా అంకెలను నిలుపుకొను చోటు, 32 మెగాబైట్లు. 2020 నవంబరులో ఆపిల్ కంపెనీ ఎం-1 అను చిప్పుతో ల్యాప్‌టాపులు వెలువరించినది. అందులో 1,600 కోట్ల ట్రాన్సిస్టరులును, ఎనిమిది కోరులును కలవు. కోరు అనగా తనంత తాను లెక్క చేయగల గుమాస్తా యనుకొనుడు. ఆ యెనిమిదింటిలో నాలుగు వేగము కలవి, నాలుగు మితవ్యయము కలవి. వేగము గల గుమాస్తా సెకనుకు 320 కోట్ల అడుగులు వేయును. ఒక్కొక్క అడుగులో పలు లెక్కలు చేయును. అట్టి గుమాస్తా యొక్కడే ఢిల్లీ మహాయంత్రమునకు వందరెట్లకు మించినవాడు. ఆ ల్యాప్‌టాపున మెమొరీ తక్కువలో తక్కువ 8 గిగాబైట్లు. క్రే మెమొరీకి 256 రెట్లు. కాబట్టి మనుమడు చెప్పినది నిజము.

అయితే పెద్దయంత్రము చిన్నదానికి ఓడినదని దీనినిబట్టి నిశ్చయింపరాదు. 1989 నాటి పెద్దను 2020 నాటి చిన్నతో పోల్చుట, తాతను ముదిమిలో నిలిపి మనుమనితో పరుగు పెట్టించుట వంటిది. ఒకే కాలమువారిని పోల్చినగాని న్యాయము కాదు.

అట్లు పోల్చుటకు ముందు వంశచరిత్ర కొంత తెలియవలెను. క్రే యంత్రము విషయమున ఎదురైన యాంక్షలు మనవారికి పట్టుదల పుట్టించినవి. 1988లో పూణెలో సి-డాక్ అను సంస్థ ఏర్పడినది. మహాప్రాసెసరు నొకదానిని కొనుటకు బదులు, చిన్న ప్రాసెసరులను పెక్కింటిని జతపరచి, పనిని పంచి, వానిచే నొక్కుమ్మడిగా చేయింప నెంచిరి. 1991లో వెలువడిన పరమ్-8000 ఆ విధమైనదే. లోకమంతటను త్వరలో ఇదే మార్గమైనది. నేటి సర్వరు ప్రాసెసరుల పుట్టువు విచిత్రము. అందు ముఖ్యమైన శాఖ యొకటి 1978లో ఇంటెల్ కంపెనీ చేసిన 8086 అను చిన్న చిప్పునుండి వచ్చినది. అందున్నవి 29,000 ట్రాన్సిస్టరులు మాత్రమే. దాని తోబుట్టువైన 8088తో 1981లో ఐ.బి.ఎం.వారి బల్లమీది కంప్యూటరు వెలసినది. అనగా నేటి కొలువులోని దొరకు తాత, నిన్నటి యింటిలోని కూలివాడు. ఒడిలోని ఎం-1 వంశమునకు మూలము 1985లో ఇంగ్లాండున కేంబ్రిడ్జిలో రూపొందిన ఆర్మ్ అను మరియొక చిన్న చిప్పు. రెండును పేదయింటి బిడ్డలే.

ఇక 2020 నవంబరునకే వత్తము. ఆ నెలలోనే సి-డాక్‌వారి పరమ్-సిద్ధి అను యంత్రము ప్రపంచ మహాయంత్రముల పట్టికలో 63వ స్థానము పొందినది. అందులో వేరుజాతి గణకచిప్పులతోపాటు ఎ.ఎం.డి. కంపెనీవారి ఎపిక్-7742 అను సర్వరు ప్రాసెసరులు కలవు. ఎం-1కు ఇది సరియైన జోడు.

ఎపిక్‌లో 64 కోరులు. అందొక్కొక్కటి సాధారణముగా సెకనుకు 225 కోట్ల అడుగులు, తొందరపడిన 340 కోట్ల అడుగులు వేయును. ఒకే గుమాస్తాకు ఒకే లెక్క యిచ్చి పందెము పెట్టినచో ల్యాప్‌టాపు గుమాస్తాయే ముందుగా ముగించును. ఎపిక్ 225 వాట్ల విద్యుత్తు తినును. గాలిపంకా కూడ లేని ఎం-1 ల్యాప్‌టాపు 30 వాట్ల ఛార్జరుతో నడచును. ఎపిక్ చిప్పు ఒక్కదాని వెల 6,950 డాలర్లు. ఆ ల్యాప్‌టాపు తెరతో, మీటలతో సహా 999 డాలర్లకే అమ్మకమునకు వచ్చినది. ఇంతవరకు చిన్నదానిదే పైచేయి.

కాని కొలువు పని వేరు. సర్వరు అను మాటకు సేవ చేయునదని యర్థము. ఇంటి పొయ్యిమీద నలుగురికి అన్నము త్వరగా ఉడుకును. సమారాధననాడు ఐదువందల విస్తళ్లు లేచినప్పుడు గాడిపొయ్యి త్రవ్వక తప్పదు. గాడిపొయ్యిమీద గుండిగ యొక్కటి ఉడుకుటకు ఆలస్యమగును. అయినను బంతి యాగదు. ఎపిక్‌లోని 64 గుమాస్తాలు 64 గుండిగల వంటివారు. అట్టి చిప్పులు రెండింటిని ఒకే పలకమీద కూర్చి 128 మందిచే పని చేయింపవచ్చును.

రెండవది మెమొరీ. ఎం-1కు 16 గిగాబైట్లు మించి అమరదు. ఎపిక్‌కు 4,000 గిగాబైట్లకు పైగా అమర్చవచ్చును. మెమొరీనుండి అంకెలను తెచ్చు కాలువలు ఎపిక్‌కు ఎనిమిది. వానిగుండ సెకనుకు సుమారు 205 గిగాబైట్లు పారును. ఎం-1కు 68 పారును. తలకింత యని పంచినచో ల్యాప్‌టాపు గుమాస్తాకే ఎక్కువ నీరు అందుచున్నది. ఈ నిజమును దాచరాదు. కాని పొలము గట్టునున్న బోదె ఎంత వడిగా పారినను ఆ పొలమునే తడుపును. బందరు కాలువ నిదానముగా పారియు తూము తూమునకు నీరిచ్చి సీమను పండించును. ప్రపంచ వాతావరణపు గడులన్నిటిని ఒక్కమారు నిలుపుకొనుటకు కాలువ వంటి యంత్రమే కావలెను.

మూడవది నమ్మిక. మెమొరీలోని అంకె యొకటి ఆకాశమునుండి వచ్చు సూక్ష్మకణముల తాకిడిచే ఒక్కొక్కప్పుడు తారుమారగుట కలదు. సర్వరు మెమొరీలో ప్రతి 64 బిట్లకు 8 బిట్లు తనిఖీకై అదనముగా నుంచుదురు. ఒక బిట్టు తప్పిన యంత్రమే పట్టి దిద్దుకొనును. ఆ ల్యాప్‌టాపులో మెమొరీకంతటికి ఇట్టి దిద్దుబాటు లేదు. పిల్లవాడు చూచు చిత్రములో చుక్క యొకటి రంగు మారిన నష్టము లేదు. తుపాను లెక్కలో నొక యంకె మారి, ఆ తప్పు గడినుండి గడికి ప్రాకిన ఎంత యనర్థము! అదిగాక కొలువులోని చిప్పు రేయింబవళ్లు, ఏండ్ల తరబడి, నిండు బరువుతో నడువవలెను. ఒడిలోని చిప్పు కొంతసేపు గట్టిగా పరుగెత్తి, వేడెక్కగానే తన వేగమును తానే తగ్గించుకొనును.

ఇక పది ల్యాప్‌టాపులు చాలవా యను మాట. 1990 ప్రాంతమున ఢిల్లీ యంత్రముమీద నడచిన లోకవ్యాప్త గణనలో గడి వెడల్పు సుమారు 150 కిలోమీటర్లు. అట్టి గడి యొకదానిలో బెజవాడ, గుడివాడ, బందరు, అవనిగడ్డ అన్నియు ఇమిడిపోవును. 2018 నాటికి గడి 12 కిలోమీటర్లైనది. 2025 మే నెలలో ప్రారంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో 6 కిలోమీటర్లైనది. బందరు ఒక గడి, మంగినపూడి ఇంకొక గడి. గడి వెడల్పు సగమైనచో గడుల సంఖ్య నాలుగు రెట్లగును. గడి చిన్నదైనకొలది కాలపుటడుగును చిన్నది చేయవలెను గాన మొత్తము పని ఎనిమిది రెట్లగును. 150 నుండి 6నకు వచ్చుటలో పని పదిహేను వేల రెట్లకు మించి పెరిగినది. అందుకే 2024 సెప్టెంబరులో పూణెలో అర్క, నోయిడాలో అరుణిక అను యంత్రములు నెలకొన్నవి. అర్క శక్తి 11.77 పెటాఫ్లాపులు, అరుణిక శక్తి 8.24. పెటాఫ్లాపు అనగా సెకనుకు కోటికోట్లకు పదిరెట్ల లెక్కలు. ఆ పెద్దలు అడిగిన 850 కోట్ల ప్రశ్నకు ఇదియే సమాధానము.

అట్లని చిన్నదానిని చులకన చేయరాదు. బందరులోని డాప్లరు రాడారు చూచినది మహాయంత్రములకు చేరును. అవి గుణించిన ఫలితము మరల మన యూరికి చేరవలెను గదా! అది చేరునది ఒడిలోని యంత్రమునకు, చేతిలోని ఫోనునకు. 1977లో ఇట్లు కబురు మోయు ఫోనులు ఇంటింట లేవు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటుటకు ముందే దాని దారి ఫోనులలో ఇంటింట తెలిసినది. పెద్ద చిప్పు లెక్క కట్టును, చిన్న చిప్పు కబురు మోయును. కాలువ లేక బోదెకు నీరు లేదు; బోదె లేక మడికి నీరు లేదు.

అయినను మడిలో నాటువాడు మనుష్యుడే. ఏ చిప్పును మనలను చేయిపట్టి మెరకకు నడిపింపదు. కబురు చెవినిబడియు గొడ్డును గోదను విడువలేమని కూర్చున్నవారికి అర్క లెక్కయు, అరుణిక లెక్కయు వ్యర్థమే. మనుమడు ఒడిలోని యంత్రమున తుపాను దారి చూచి "తాతా, లెమ్ము" అన్ననాడు, మారు మాటాడక లేచి తుపాను రక్షణభవనమునకు నడచుట మన వంతు. పల్లెలో పెద్దలు ముందు లేచిననే గాని తక్కినవారు లేవరు.