50 అడిగితే 500 వచ్చాయి: కోళ్ల పెంట తిన్న నేల కథ

ఇవాళ్టి కథ ఒక తప్పు ఆర్డర్‌తో మొదలవుతుంది. 1923. అమెరికాలో డెలావేర్ రాష్ట్రం, ఓషన్ వ్యూ అనే చిన్న ఊరు. సెసిల్ స్టీల్ అనే ఆవిడ గుడ్ల కోసం 50 కోడిపిల్లలు ఆర్డర్ పెట్టారు. హ్యాచరీ నుంచి 500 దిగాయి. ఆవిడ వెనక్కి పంపలేదు. చిన్న షెడ్డులో పెంచి, రెండు పౌండ్ల బరువు రాగానే మాంసానికి అమ్మేశారు. పౌండుకి 62 సెంట్లు వచ్చింది, అప్పటికి అది చాలా మంచి రేటు. 1926 కల్లా 10,000 కోళ్లు పట్టే షెడ్డు కట్టారు. ఇక చుట్టుపక్కల రైతులు ఊరుకుంటారా?

డెలావేర్, మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రాల ముక్కలు కలిసిన ఆ ద్వీపకల్పాన్ని, మూడు పేర్లూ కలిపి డెల్మార్వా అంటారు. పడమటి వైపు చెసపీక్ బే అనే పెద్ద అఖాతం ఉంది. కొన్ని దశాబ్దాల్లో ఆ ప్రాంతమంతా బ్రాయిలర్ షెడ్లతో నిండిపోయింది. పద్ధతి మన దగ్గర ఇంటిగ్రేషన్ అంటామే, అదే. పిల్లలు, మేత కంపెనీవి. షెడ్డు, కరెంటు, చాకిరీ రైతువి. బ్యాచ్ ఎత్తేశాక మిగిలే పెంట కూడా రైతుదే!

మొదట్లో అది వరమే, ఆ మాట ఒప్పుకోవాలి. అక్కడివి చాలావరకు ఇసుక నేలలు. పెంట వేస్తే సేంద్రియ కార్బన్ పెరుగుతుంది, నేల నీటిని పట్టుకుంటుంది, మేతలోని సున్నం వల్ల ఆమ్లత్వం కూడా తగ్గుతుంది. మొక్కజొన్న బాగా వచ్చేది. యూరియా లాంటి వాటి ఖర్చు తగ్గేది. ఏ రైతు వద్దంటాడు?

చిక్కు లెక్కలో ఉంది. పెంట ఎంత వెయ్యాలో నత్రజనిని బట్టి తేల్చేవాళ్లు. మొక్కజొన్న లాంటి పంట సుమారు 8 కిలోల నత్రజని తీసుకుంటే, భాస్వరం ఒక్క కిలో తీసుకుంటుంది. కోళ్ల పెంటలో మాత్రం దాదాపు 3 కిలోల నత్రజనికే ఒక కిలో భాస్వరం ఉంటుంది. అంటే నత్రజని సరిపోయేలా పెంట చల్లితే, భాస్వరం పంటకి కావాల్సినదానికి రెండున్నర రెట్లు పైగా పడిపోతుంది. మిగిలింది ఎక్కడికి పోతుంది? నేలలోనే ఉంటుంది. మళ్లీ ఏడాది ఇంకొంచెం. ఇలా నలభై, యాభై ఏళ్లు!

పెంటలో అంత భాస్వరం ఎందుకంటే, మొక్కజొన్న, సోయాల్లో ఉండే భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది. కోడి కడుపు దాన్ని సరిగ్గా అరిగించుకోలేదు. ఎముకలు గట్టిపడాలని మేతలో విడిగా ఫాస్ఫేట్ కలుపుతారు. అరగనిదంతా కింద పడుతుంది. పైగా ఆ మేత గింజల్లో చాలా భాగం రైళ్లలో బయటి రాష్ట్రాల నుంచి వచ్చేది. ఎక్కడో పొలంలోని భాస్వరం ఇక్కడికొచ్చి పేరుకునేది. పెంట బరువెక్కువ, విలువ తక్కువ, దూరం మోస్తే లారీ కిరాయికే చాలదు. అందుకే షెడ్డు పక్క పొలాలకే మళ్లీ మళ్లీ పడింది.

అప్పట్లో చాలామంది నిపుణుల నమ్మకం ఏంటంటే, భాస్వరం మట్టిని పట్టుకుని ఉంటుంది, మట్టి కొట్టుకుపోతే తప్ప కదలదు అని. నేలలోని ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టుకునే మాట నిజమే. కానీ స్పాంజి కూడా ఒక దశలో నిండిపోతుంది కదా? డెల్మార్వా పల్లపు నేల, నీరు బాగా పైనే ఉంటుంది, పొలాల నిండా మురుగు కాలవలు తవ్వి ఉంటాయి. నిండిపోయిన నేల నుంచి భాస్వరం కరిగి, ఆ కాలవల గుండా చెసపీక్ బే వైపు నడిచింది. నీళ్లలో నాచు విపరీతంగా పెరిగి, కుళ్లి, ఆక్సిజన్ లాగేసేది.

1997 వేసవిలో మేరీలాండ్‌లోని పోకోమోక్ నదిలో ఒంటి మీద పుండ్లతో చేపలు చచ్చి తేలాయి. గవర్నర్ పారిస్ గ్లెండెనింగ్ నదిలో కొంత భాగం మూయించారు. ఫిస్టీరియా అనే సూక్ష్మజీవి కారణం అన్నారు, దాని మీద శాస్త్రవేత్తల మధ్య తర్వాత పెద్ద వాదనే నడిచింది. నిజంగా దోషి అదేనా కాదా అన్నది పక్కన పెడితే, జనం చూపు మాత్రం పొలాల మీదకి మళ్లింది. 1998లో మేరీలాండ్ చట్టం తెచ్చింది. నత్రజనితో పాటు భాస్వరం లెక్క కూడా చూసే ఎరువుల ప్రణాళిక రైతులకి తప్పనిసరి అయ్యింది. రైతులకి కోపం వచ్చింది, న్యాయమే అనిపిస్తుంది నాకు. మేత కంపెనీది, నింద రైతుది!

2015లో నిబంధనలు ఇంకా బిగించారు. అక్కడి భూసార సూచీలో 100 దాటితే భాస్వరం అవసరానికి మించి ఉన్నట్టు. 500 దాటిన పొలాల్లో ఇక భాస్వరం వెయ్యడానికే లేదన్నారు.

మరి ఆపేస్తే తగ్గుతుందా? తగ్గుతుంది, చాలా నెమ్మదిగా. నార్త్ కరోలినాలో 30 ఏళ్ల పాటు సాగిన ఒక ప్రయోగం ఫలితాలు 1991లో వచ్చాయి. అది కోళ్ల పెంట ప్రయోగం కాదు, ఫాస్ఫేట్ ఎరువుది. కానీ నేలలో చేరాక భాస్వరం భాస్వరమే. పరీక్షలో కిలో మట్టికి 100 మిల్లీగ్రాములు చూపించే నేల, మొక్కజొన్న, సోయా వేస్తూ 20కి దిగడానికి 16 నుంచి 18 ఏళ్లు పడుతుందని తేలింది. అంటే 2015లో పెంట ఆపిన రైతు నేల కూడా అదే వేగంతో దిగితే, కనీసం 2031 దాకా ఆగాలి. ఈలోపు పొలం కొడుకు చేతికి వచ్చేస్తుంది.

సెసిల్ స్టీల్ మొదటి షెడ్డుని ఇప్పుడు డోవర్‌లోని వ్యవసాయ మ్యూజియంలో చూడొచ్చు. చిన్న చెక్క గది, అంతే.

మన ఊళ్లలో కోళ్ల పెంట లారీల్లో తోటలకి వెళ్లడం మీరూ చూసే ఉంటారు. ఇంట్లో సాయిల్ హెల్త్ కార్డు ఉంటే తీయండి. అందులో భాస్వరం గడి ఉంటుంది. పెంట ఏటా వేసే పొలం, అస్సలు వేయని పక్క పొలం, రెండింటి నంబర్లూ పక్కపక్కన పెట్టి చూసి, నాకు పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో అవి ముందేసుకుని మాట్లాడుకుందాం.